వెన్నెముక టీబీ, చిన్న కోత ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

ఉప్పల్ నుంచి వచ్చిన ఒకావిడ నా ఎదుట కూర్చుని ఉంది. రెండు చేతులూ కుర్చీకి ఆన్చి, నడుము మీద బరువు పడకుండా ఒంటిని కాస్త పైకెత్తి పట్టుకుంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు అలాగే కూర్చుంటారు. పక్కన ఆవిడ తమ్ముడు, చేతిలో ఎమ్మారై కవరు. నేను ఫిల్ములు బయటికి తీయకముందే అడిగేశాడు: "లేజర్‌తో అయిపోతుందా సార్? కోత ఎంత ఉంటుంది?"

హైదరాబాద్‌లో వెన్ను ఆపరేషన్లు చేసే ఎవరిని అడిగినా చెబుతారు, రోజుకు ఒకసారైనా ఈ ప్రశ్న వస్తుంది. నేను ఎదురు ప్రశ్న వేశాను: "బయాప్సీ చేశారా?" అంటే జబ్బున్న చోటు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. చేయలేదు. ఎమ్మారై రిపోర్టు చూసి ఎవరో టీబీ అన్నారు, నెట్‌లో చూసి వీళ్లు కీహోల్ (చిన్న కోత) ఆపరేషన్‌కు సిద్ధమై వచ్చారు.

అపోహ: దగ్గే లేదు, టీబీ ఎలా వస్తుంది?

క్షయ క్రిమి ఊపిరితో లోపలికి వెళ్లి, రక్తంలో కలిసి ఎముకకు చేరుతుంది. ఎక్కువగా పట్టుకునేది వీపు కింది భాగం, నడుము కలిసే చోటు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. పర్సివల్ పాట్ అనే ఇంగ్లండ్ సర్జన్ 1779లో ఈ గూనినీ, దాంతో కాళ్లు పడిపోవడాన్నీ వివరించాడు కాబట్టి దీన్ని పాట్స్ డిసీజ్ అంటారు. జబ్బు మాత్రం అంతకంటే చాలా పాతది, ఈజిప్టు మమ్మీల వెన్నెముకల్లోనూ దాని గుర్తులు దొరికాయి.

మన ఊళ్లో నడుం నొప్పికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. బైకు, రోడ్డు గుంతలు, ఐటీ ఆఫీసు కుర్చీ, ఏదో ఒకదాని మీదకు తోసేస్తాం. పడుకున్నా తగ్గక, రాత్రి నిద్రలేపి, వారం వారం పెరిగే నొప్పిని మాత్రం అలా తోసేయకండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం తోడైతే అనుమానం బలపడుతుంది. చాలామందికి అవేవీ ఉండవు, నొప్పి ఒక్కటే ఉంటుంది.

ఊపిరితిత్తుల్లో కూడా ఉంటే తప్ప వెన్ను టీబీ అంటుకోదు. కంచం, గ్లాసు వేరు చేయకండి. ఇక మాలిష్‌లు, రీల్స్‌లో చూపించే 'టక్'మనే సర్దుళ్ల జోలికి అసలు పోవద్దు. తినేసిన పూసను మెలితిప్పితే వెన్నుపాము నలిగిపోవచ్చు.

అపోహ: ఎమ్మారైలో టీబీ అని రాశారుగా, మళ్లీ సూది ఎందుకు?

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. పేషెంట్ల మీద కాదు నా కోపం, 'ముందు మందులు మొదలుపెట్టి చూద్దాం' అనే మా వృత్తివాళ్ల మీద. పక్కపక్కన రెండు పూసలు, మధ్య డిస్క్ దెబ్బతిని, చుట్టూ చీము ఉంటే టీబీ అనుకోవడం సహజమే. కానీ మామూలు చీము క్రిములూ దాదాపు అలాగే కనిపిస్తాయి. క్యాన్సర్ సాధారణంగా డిస్క్‌ను వదిలేస్తుందని పాఠాల్లో చదువుకుంటాం, అన్నిసార్లూ ఆ పాఠం ప్రకారమే ఉండదు. గొర్రెలు, మేకలు కాసేవాళ్లలో, పచ్చిపాలు తాగేవాళ్లలో బ్రూసెల్లా అనే క్రిమి ఇంకొకటుంది. టీబీయే అని తేలినా, మామూలు మందులకు లొంగే రకమా, మొండి రకమా అన్నది ఎమ్మారై చెప్పలేదు.

వెన్ను టీబీలో చిన్న కోత పద్ధతుల్లో అన్నింటికంటే విలువైనది ఏదంటే నేను ఈ సూది బయాప్సీనే చెబుతాను. బోర్లా పడుకోబెట్టి, ఆ చోటుకు మాత్రమే మత్తిచ్చి, సీటీ స్కాన్‌లో చూస్తూ సూదిని పూసలోకి పంపి చిన్న ముక్క తీస్తారు. కుట్లు ఉండవు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ముక్క తీశాక జరిగే పొరపాటు ఒకటుంది. మొత్తం ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏం పెరుగుతుంది? కణాల పరీక్షకు ఒక సీసా ఫార్మలిన్‌లో, కల్చర్‌కూ, సీబీనాట్ అనే జన్యు పరీక్షకూ ఇంకోటి సెలైన్‌లో వెళ్లాలి. సీబీనాట్ సుమారు రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో చెబుతుంది. ఎముకలో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు. కల్చర్‌కు ఆరు వారాల దాకా పట్టొచ్చు. ముందే టీబీ మాత్రలు మొదలుపెట్టినా, ఇంకేదో ఇన్‌ఫెక్షన్ అని లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ మింగించినా క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది. కాళ్లలో బలం వేగంగా తగ్గిపోతుంటే మాత్రం సూది కోసం ఆగం, ఆపరేషన్‌లోనే ముక్క తీసుకుంటాం.

అపోహ: ఎముక కుళ్లిపోయింది, మందులకు తగ్గదు

తగ్గుతుంది. చాలామందికి మందులే చాలు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కొరియాలో చేయించిన అధ్యయనాల మొదటి ఫలితాలు 1973లో వచ్చాయి. మసాన్‌లో ఆరు నెలలు మంచానికే పరిమితమైనవాళ్లకూ, నడుస్తూ మందులు వాడినవాళ్లకూ తేడా రాలేదు. పూసాన్‌లో ప్లాస్టర్ జాకెట్ వేసినా వేయకపోయినా ఫలితం ఒకటే. అవి కాళ్లలో బలం ఉన్నవాళ్ల మీద చేసినవని గుర్తుంచుకోవాలి. మన దేశంలో వారణాసి ప్రొఫెసర్ ఎస్.ఎం. తూలి చూపింది మధ్యేమార్గం: అందరికీ మందులు, అవసరమైనవాళ్లకే కత్తి.

ఆ అవసరం ఎప్పుడంటే, మందులు వాడుతున్నా కాళ్ల బలం తగ్గుతుంటే, పూస కూలి వెన్ను నిలకడ తప్పితే, గూని పెరుగుతుంటే. పిల్లల్లో గూని సంగతి వేరు. జబ్బు నయమైనా ఎదిగేకొద్దీ వెన్ను వంగుతూ పోవచ్చు, కాబట్టి ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలతో కనిపెట్టి ఉండాలి.

అపోహ: కీహోల్ అయితే జబ్బంతా తీసేస్తారు, లేజర్ అయితే ఇంకా మంచిది

ముందు లేజర్ సంగతి: వెన్ను టీబీకి లేజర్ వైద్యం లేదు.

చిన్న కోత అంటే నిజానికి మూడు నాలుగు వేర్వేరు పనులు. బయాప్సీ గురించి చెప్పాను. రెండోది చీము. నడుము పూసల్లోంచి చీము నడుము లోపలి సోయాస్ కండరం వెంట జారి గజ్జల దాకా దిగుతుంది, గజ్జల్లో వాపు చూసి హెర్నియా అనుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. చిన్న చీము మందులకే ఎండిపోతుంది. పెద్దదైతే స్కాన్‌లో చూస్తూ సన్నని గొట్టం వేసి బయటికి తీస్తాం. సెగ్గడ్డలా కోసి వదిలేస్తే నెలల తరబడి కారే పుండు మిగలొచ్చు.

మూడోది స్క్రూలు. వీపు మీద చిన్న చిన్న గాట్లలోంచి, సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ బిగిస్తాం. కండరాలను ఎముక నుంచి ఒలవం కాబట్టి రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేచి తిరుగుతారు. కానీ ఈ స్క్రూలు జబ్బును తీయవు. కూలబోయే గోడకు ఊతకర్ర పెట్టినట్టు, మందులు పనిచేసేదాకా వెన్నును నిలబెడతాయంతే. ఎండోస్కోపీతో కొంత చీమూ చచ్చిన ఎముకా తీయొచ్చు, ఛాతీ భాగంలో అయితే పక్కటెముకల సందులోంచి దుర్బీనుతో చేరుకోవచ్చు.

ఇదంతా ఒకటి రెండు పూసలకే పరిమితమై, గూని తక్కువగా ఉన్నప్పటి మాట. మూడు నాలుగు పూసలు కూలి, గూని తిరిగి, వెన్నుపాము గట్టిగా నలిగినవాళ్లకు పెద్ద కోతే న్యాయం. వాళ్లకు చిన్న కోత ఆశ చూపడం నాకు నచ్చదు. గాటు చిన్నదైనంత మాత్రాన లోపలి పని చిన్నదైపోదు, మాకు తగిలే ఎక్స్‌రే కిరణాలూ ఎక్కువే.

అపోహ: చీము ఉన్నచోట ఇనుము పెడితే జబ్బు ముదురుతుంది

పెట్టేది ఇనుము కాదు, ఎక్కువగా టైటానియం. మామూలు చీము క్రిములు లోహం మీద జిగురు పొరలా పేరుకుంటాయి, ఆ భయం వాటి నుంచి వచ్చిందే. టీబీ క్రిమికి ఆ గుణం చాలా తక్కువ. సరైన మందులు నడుస్తుంటే స్క్రూలకు భయం లేదు.

అపోహ: నొప్పి పోయింది, మందులు ఆపేయొచ్చు

నొప్పి రెండు మూడు నెలల్లోనే చాలావరకు తగ్గుతుంది, చిక్కంతా అక్కడే. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం వెన్ను టీబీకి 12 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 10 నెలలు మూడు. అవసరమైతే 18 నెలల దాకా పొడిగిస్తాం. ఆపరేషన్ అయినా ఇందులో ఒక్క నెల కూడా తగ్గదు. ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం, ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. ప్రైవేటులో చూపించుకుంటున్నా ఆ నమోదు ఉంటుంది, అడగండి.

మూత్రం నారింజ రంగులో వస్తే టెన్షన్ వద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, ఎరుపు-ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోతే అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. మొదటి నెలల్లో కొందరికి చీము పెరిగినట్టు కనిపిస్తుంది, ఎమ్మారై కూడా మనిషి కంటే వెనకే కోలుకుంటుంది. ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని మందులు మార్చేయకూడదు.

ఉప్పల్ ఆవిడకు సీబీనాట్‌లో టీబీ తేలింది, రిఫాంపిసిన్ పనిచేసే రకమే. బెల్టు పెట్టుకుని మందులు మొదలుపెట్టింది, ఇప్పుడు తొమ్మిదో నెల. చీము ఎండిపోయింది, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటోంది. సూది గుచ్చిన చోటు ఎక్కడో నాకే కనబడలేదు. మొన్న వెళ్లబోతూ తమ్ముడు గుమ్మం దగ్గర ఆగాడు: "అయితే ఇంక లేజర్ అవసరం పడదు కదా సార్?"