గిగాహెర్ట్జ్ పందేనికి వేడి వేసిన బ్రేకు

2000 మార్చి 6న చిప్‌ల కంపెనీ ఏఎండీ 1 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు వంద కోట్ల టిక్కులతో నడిచే అథ్లాన్ ప్రాసెసర్‌ను విడుదల చేసింది. రెండు రోజులు తిరక్కుండానే దాని పోటీదారు ఇంటెల్ కూడా 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3తో ముందుకొచ్చింది. అక్కడితో ఆగలేదు. ఆ ఏడే 1.13 గిగాహెర్ట్జ్ చిప్‌ను హడావుడిగా దించి, అది పని మధ్యలో మొరాయిస్తుంటే ఆగస్టులో వెనక్కి తీసుకుంది. డబ్బా మీది అంకె చూసి కంప్యూటర్ కొనే రోజులవి.

అసలు ఏఎండీకి ఇంటెల్ తరహా చిప్‌లు చేసే వీలు దొరికింది ఐబీఎం జాగ్రత్త వల్ల. 1981లో తెచ్చిన పీసీకి ఐబీఎం ఇంటెల్ 8088ని ఎంచుకుంది. ఒక్క కంపెనీనే నమ్ముకుంటే రేపు సరుకు అందకపోతే ఎలా? అందుకే రెండో తయారీదారు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. దాంతో 1982లో ఇంటెల్, ఏఎండీ ఒప్పందం చేసుకున్నాయి. 386 అనే చిప్ దగ్గరికొచ్చేసరికి ఇంటెల్ డిజైన్ ఇవ్వనంది, గొడవ కోర్టుకెక్కింది. ఏఎండీ సొంతంగా ఏఎం386 చేసి 1991లో అమ్మకానికి పెట్టింది. 'అదే పని, తక్కువ ధర' అన్న ముద్ర ఆ కంపెనీని చాలాకాలం వదల్లేదు.

2000 చివర్లో వచ్చిన పెంటియం 4 పూర్తిగా అంకె కోసమే పుట్టిందనిపిస్తుంది. ఒక్కో ఆదేశాన్ని చిన్న చిన్న దశలుగా ముక్కలు చేస్తే క్లాక్ స్పీడు, అంటే ఆ గిగాహెర్ట్జ్ అంకె, పెంచొచ్చు. మొదట 20 దశలు, 2004 నాటి ప్రెస్కాట్ అనే పెంటియం 4లో 31. చిక్కేమిటంటే, తర్వాత ఏం చేయాలో ప్రాసెసర్ ముందే ఊహించుకుని మొదలుపెడుతుంది. ఆ ఊహ తప్పితే దశల్లో ఉన్న పనంతా పారేసి మళ్లీ మొదటికి రావాలి. దశలు ఎక్కువైతే నష్టమూ ఎక్కువే. అందుకే 1.53 గిగాహెర్ట్జ్ అథ్లాన్ ఎక్స్‌పీ అంతకంటే పెద్ద అంకె ఉన్న పెంటియం 4తో తలపడగలిగింది. కొనేవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పలేక ఏఎండీ దానికి '1800+' అని పేరు పెట్టేసింది.

ఈలోగా వేడి ముదిరింది. చిప్ తినే కరెంటు క్లాక్ స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఇంకా పెరుగుతుంది. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ వోల్టేజీ కూడా దిగేది కాబట్టి ఏళ్ల తరబడి ఆ భారం తెలియలేదు. 90 నానోమీటర్ల తరం దగ్గరికొచ్చేసరికి లీకేజీ, అంటే ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కూడా కరెంటు కారిపోవడం, ఎక్కువై ఆ వెసులుబాటు పోయింది. 3.8 గిగాహెర్ట్జ్ ప్రెస్కాట్ 115 వాట్ల చిప్. 4 గిగాహెర్ట్జ్ తెస్తామన్న ఇంటెల్ 2004 అక్టోబరులో ఆ మాట మానుకుంది. 1 నుంచి 3.8కి చేరడానికి ఐదేళ్లు పట్టలేదు. అక్కణ్నుంచి ఇంటెల్ 6 గిగాహెర్ట్జ్ అందుకునేసరికి 2023 వచ్చింది.

ఇంటెల్‌ను గట్టెక్కించింది ల్యాప్‌టాప్ చిప్. బ్యాటరీ మిగల్చడానికి ఇజ్రాయెల్‌లోని హైఫాలో డిజైన్ చేసిన పెంటియం ఎం ఆలోచనలే 2006లో కోర్ 2 డ్యూయోకి పునాది. ఏఎండీ మళ్లీ తేరుకున్నది 2017లో, ధరతోనే. ఇంటెల్ 8 కోర్ల (ఒకేసారి పని చేసే ప్రాసెసర్ భాగాల) చిప్ వెయ్యి డాలర్లకు పైగా పలుకుతుంటే రైజెన్ 1800ఎక్స్‌ను 499 డాలర్లకు దించింది.

వాట్ల పొదుపులో అందరికంటే ముందున్న ఆర్మ్ అనే చిప్ డిజైన్ కథ కూడా ధర దగ్గరే మొదలైంది. 1985లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే కంప్యూటర్ల కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ మొదటి ఆర్మ్ చిప్ తయారుచేశారు. ఖర్చు తగ్గాలంటే దాన్ని ప్లాస్టిక్ ప్యాకేజీలో పెట్టాలి, అంటే వేడి ఒక వాట్ లోపే ఉండాలి. వాళ్లు జాగ్రత్త పడింది అవసరానికి మించే. ఎంత కరెంటు లాగుతుందో చూద్దామని మీటరు పెడితే సున్నా చూపించింది, చిప్ మాత్రం నడుస్తోంది. ఆరా తీస్తే దానికి సప్లయే అందడం లేదు. పక్క చిప్‌ల నుంచి సిగ్నల్ పిన్నుల గుండా వచ్చే కాస్త కరెంటుతోనే పని చేసుకుపోతోంది.

2020 నవంబరులో ఆపిల్ అదే ఆర్మ్ వంశానికి చెందిన ఎం1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్‌ను తెచ్చింది. అంతకుముందు ఇంటెల్ చిప్‌తో వచ్చిన ఎయిర్‌కి ఫ్యాన్ ఉండేది. ఇందులో లేదు.