పిడికెడు బియ్యం వెనుక ఉన్న చరిత్ర

మిజోరంలో ఎసరు పెట్టిన ఇల్లాలు, వండడానికి కొలుచుకున్న బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. పొద్దున వంటప్పుడు ఒకసారి, సాయంత్రం వంటప్పుడు మరోసారి. తర్వాత చర్చి తరఫున ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసుకుపోతారు. దాన్ని బుహ్‌ఫై థామ్ అంటారు. పిడికెడు బియ్యం అని అర్థం. ఈ పద్ధతి మొదలై నూరేళ్లు దాటింది. ఇవాళ మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన వేలమందికి మిజోరం అన్నం ఎలా పెట్టగలుగుతోందో అర్థం కావాలంటే ఆ డబ్బా దగ్గర మొదలుపెట్టాలి.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఆ తర్వాత చిన్ రాష్ట్రంలోని ఊళ్ల నుంచి జనం తియావ్ నది దాటి ఇటువైపు రావడం మొదలైంది. ఆ నదే సరిహద్దు. చాలా చోట్ల ఎండాకాలంలో నడిచి దాటేయొచ్చు. మార్చిలో కేంద్ర హోంశాఖ సరిహద్దు రాష్ట్రాలకు లేఖ రాసింది. ఎవరికైనా శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదనీ, చొరబాట్లను అడ్డుకోవాలనీ దాని సారాంశం. అప్పటి ముఖ్యమంత్రి జోరంథాంగా నేరుగా ప్రధానికే ఉత్తరం రాశారు. వాళ్లు మా రక్తసంబంధీకులు, ప్రాణభయంతో వచ్చినవాళ్లను వెనక్కి పంపలేం అన్నది ఆ ఉత్తరం సారం. వచ్చినవాళ్లు ముప్పై వేలు దాటినా రాష్ట్రం ఆ మాట మీదే నిలబడింది. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు కాబట్టి చట్టపరంగా వాళ్లకు పెద్ద ఆసరా ఏమీ లేదు. తిండి, బట్ట, తలదాచుకోవడానికి రేకుల పాకలు చాలావరకు చర్చీలూ, యంగ్ మిజో అసోసియేషన్ అనే యువజన సంఘమూ, ఊరి కమిటీలూ చూసుకున్నాయి.

చిన్‌లూ మిజోలూ ఒకే కుదురు నుంచి వచ్చినవాళ్లు. మధ్యలో గీత గీసింది బ్రిటిష్ వాళ్లు. అందుకే ఆదుకున్నారని చెప్పేసి ఊరుకోవచ్చు. నాకు అది సగం జవాబుగానే కనిపిస్తుంది. సరిహద్దుకు రెండువైపులా చుట్టరికాలున్న ప్రాంతాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మనసులో జాలి ఉండడం వేరు, ప్రతి ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ బియ్యం పోగుచేసి, లెక్క రాసి, నది ఒడ్డుకు చేర్చగల ఏర్పాటు ఉండడం వేరు. మిజోరంలో ఆ ఏర్పాటు నిదానంగా, తప్పులతో, కష్టాలతో తయారైంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని లుషాయ్ కొండలు అనేవారు. ఊరికొక నాయకుడు. జనం పోడు కొట్టుకుని వరి పండించుకునేవాళ్లు. కొండకింద కాచార్ మైదానంలో తేయాకు తోటలు అడవిలోకి పాకుతూ రావడంతో గొడవలు పెరిగాయి. 1871లో లుషాయ్‌లు తోటల మీద పడ్డప్పుడు వించెస్టర్ అనే తెల్లవాడు చనిపోయాడు, అతని చిన్న కూతురు మేరీని ఎత్తుకుపోయారు. ఆ పిల్లను విడిపించడానికి పెద్ద దండయాత్రే జరిగింది. రెండేళ్లకు, 1873లో, ఇన్నర్ లైన్ నిబంధన వచ్చి బయటివాళ్లు అనుమతి లేకుండా అటు వెళ్లడం ఆగింది. చివరికి 1889-90 దండయాత్రతో ఆ కొండలు బ్రిటిష్ చేతికి వచ్చాయి. సర్కారుకు కావలసింది సరిహద్దు ప్రశాంతంగా ఉండడం, అదీ తక్కువ ఖర్చులో. బడులూ ఆసుపత్రులూ దాని లెక్కలో లేవు.

ఆ ఖాళీలోకి మిషన్ వచ్చింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో రాబర్ట్ ఆర్థింగ్టన్ అనే ధనవంతుడు ఉండేవాడు. తాను పేదవాడిలా బతుకుతూ ఆస్తినంతా మిషన్లకు పెట్టినవాడు. ఆయన డబ్బుతో ఇద్దరు యువకులు, జె.హెచ్. లోరెయిన్, ఎఫ్.డబ్ల్యు. సావిడ్జ్, సిల్చార్ నుంచి పడవలో త్లాంగ్ నది మీదుగా ఎదురెక్కి 1894 జనవరి 11న సైరాంగ్ చేరారు. మిజోరంలో ఇప్పటికీ ఆ రోజు సెలవు. మిషనరీ దినం అంటారు.

ఆ ఇద్దరూ ఐజ్వాల్‌లో దాదాపు నాలుగేళ్లు ఉన్నారు. ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మతప్రచారం లెక్కన చూస్తే చేతికి ఏమీ రాలేదన్నమాటే. కానీ ఆ నాలుగేళ్లలో జనం మాట విని, ఉచ్చారణ పట్టుకుని, రోమన్ అక్షరాలతో మిజో భాషకు రాత తయారుచేశారు. కొన్ని సువార్త గ్రంథాలు అనువదించారు. వ్యాకరణం, నిఘంటువు కలిపిన పుస్తకం 1898లో అచ్చయింది. మిజోల్లో ఒక పాత కథ ఉంది. దేవుడు అందరికీ అక్షరాలు ఇచ్చినప్పుడు మిజోల వంతు తోలు మీద రాసి ఇచ్చాడట, దాన్ని కుక్క తినేసిందట. అలాంటి కథ చెప్పుకునే జనానికి తమ మాట కాగితం మీద కనిపించడం ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత జరిగిన వాటన్నిటికంటే ఇదే పెద్ద మలుపని నా నమ్మకం.

1897లో వెల్ష్ మిషన్ నుంచి డి.ఇ. జోన్స్ వచ్చి వాళ్ల పని అందుకున్నారు. 1899 జూన్ 25న ఖుమా, ఖారా అనే ఇద్దరికి తొలి బాప్తిస్మాలు జరిగాయి. లోరెయిన్, సావిడ్జ్‌లు 1903లో బాప్టిస్టు మిషన్ తరఫున తిరిగొచ్చి దక్షిణాన లుంగ్లై దగ్గర సెర్కాన్‌లో స్థిరపడ్డారు. లోరెయిన్ తమ్ముడు రెజినాల్డ్ 1907లో ఇంకా దక్షిణానికి, మారా ప్రజల దగ్గరికి వెళ్లి వాళ్ల భాషకూ రాత కూర్చాడు. 1904లో సర్కారు తన బడులను కూడా మిషన్ చేతిలో పెట్టేసింది. మిషన్ అయితే ఖర్చు కలిసొస్తుందని. దాంతో అక్షరం, మందు, ప్రార్థన మూడూ ఒకే చేతి నుంచి రావడం మొదలైంది. చదువు కావాలనుకున్నవాడికి వేరే గుమ్మం లేదు. అభివృద్ధి చరిత్ర రాసేటప్పుడు ఈ విషయం దాచకూడదు.

ఆకలి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఈ కొండల్లో ఎక్కువగా పెరిగే ఒక రకం వెదురు సుమారు నలభై ఎనిమిదేళ్లకోసారి అడవి అడవంతా ఒకేసారి పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. కాయలు అయిపోగానే పోడు చేల మీద పడతాయి. సాయంత్రం చూసిన పంట తెల్లారేసరికి ఉండదు. దీన్ని మౌతామ్ అంటారు, వెదురు చావు అని. 1911-12లో అది వచ్చింది.

అంతకుముందు ఇలాంటి కరువులో తిండి లేనివాళ్లు, దిక్కులేని వితంతువులు, అనాథలు ఊరి నాయకుడి ఇంటికి చేరేవాళ్లు. ఆయన అన్నం పెట్టేవాడు. బదులుగా వాళ్లు, వాళ్ల పిల్లలు ఆ ఇంటికి కట్టుబడి చాకిరీ చేసేవాళ్లయిపోయేవారు. అలాంటివాళ్లను మిజోలు బోయి అనేవారు. బయటపడాలంటే 40 రూపాయలో, ఒక మిథున్ పశువో కట్టాలి. ఆ కాలంలో ఆ కొండల్లో 40 రూపాయలంటే బోయిగా మారినవాడు కూడబెట్టగలిగే సొమ్ము కాదు. 1908లో వచ్చిన వెల్ష్ డాక్టర్ పీటర్ ఫ్రేజర్ దీన్ని బానిసత్వమే అని తేల్చి చెప్పాడు. క్రైస్తవులైన నాయకులను అడిగి బోయిలను విడిపించడానికి పూనుకున్నాడు. నాయకులతోనే పాలన నడుపుతున్న బ్రిటిష్ అధికారులకు ఇది గిట్టలేదు. అది స్థానిక ఆచారం, అందులో వేలు పెట్టొద్దన్నారు. మిషన్ పెద్దలు కూడా ఆయన వెనుక గట్టిగా నిలబడలేదు. 1912లో ఫ్రేజర్ ఆ కొండలు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఊరి నాయకుల హక్కులు చట్టం ద్వారా రద్దు కావడానికి 1954 దాకా పట్టింది.

పిడికెడు బియ్యం మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే, 1910 ప్రాంతంలో. అది ఆకలిగొన్నవాళ్ల కోసం పెట్టింది కాదు. చేతిలో డబ్బు ఆడని ఆ ఊళ్లలో సువార్తికులకు జీతం ఎలా ఇవ్వాలన్న ప్రశ్నకు దొరికిన జవాబు. పైసా లేని ఇంట్లో కూడా పిడికెడు బియ్యం ఉంటుంది. పైగా అది ఆడవాళ్ల చేతిలో ఉన్న సరుకు. వంటింటి లెక్క వాళ్లదే. చర్చిలో వాళ్లకు పెద్ద పదవులు దక్కకపోయినా, చర్చి నడిచింది వాళ్లు తీసిపెట్టిన బియ్యం మీద. బయటి మిషన్ డబ్బు మీద బతికిన చర్చీలు ఆ డబ్బు ఆగగానే కుంగిపోయాయి. ఇక్కడ అలా జరగకపోవడానికి పెద్ద కారణం ఈ డబ్బానే అని నేనంటాను.

1911 జనాభా లెక్కల్లో క్రైస్తవులు నూటికి ముగ్గురు కూడా లేరు. 1951 కల్లా నూటికి ఎనభై మంది అయ్యారు. ఇంత వేగంగా వ్యాపించడానికి చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే విదేశీయులు కారణం కాలేరు. ఊరూరా నడిచింది స్థానిక బోధకులే. దారిలో పోగొట్టుకున్నవీ ఉన్నాయి. యువకులంతా రాత్రుళ్లు కలిసి ఉండే జోల్‌బుక్ అనే పెద్ద ఇల్లు కనుమరుగైంది. పాత పాటలు వెనకబడ్డాయి. చాప్‌చార్ కూట్ పండుగ చాలాకాలం ఆగి, 1973లో మళ్లీ పెద్దఎత్తున మొదలైంది. జోల్‌బుక్ నేర్పిన పరోపకార గుణాన్ని మిజోలు త్లోమ్‌ఙైహ్నా అంటారు. 1935లో మిషనరీలూ స్థానిక క్రైస్తవ యువకులూ కలిసి పెట్టిన సంఘం, నేటి యంగ్ మిజో అసోసియేషన్, ఆ గుణాన్నే తన పునాదిగా చెప్పుకుంది. ఊళ్లో ఎవరు చనిపోయినా గొయ్యి తవ్వేది, రాత్రంతా ఇంటివాళ్ల దగ్గర కూర్చునేది ఆ సంఘం కుర్రాళ్లే.

1959లో మళ్లీ వెదురు పూసింది. కరువు రాబోతోందని ముందే చెప్పినా, అప్పట్లో ఈ కొండలను పాలిస్తున్న అస్సాం ప్రభుత్వం పట్టించుకోలేదు. సాయం కోసం పుట్టిన కరువు ఫ్రంట్ 1961లో లాల్‌డెంగా నాయకత్వాన మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారి, 1966లో తిరుగుబాటు చేసింది. మార్చి 5న భారత వాయుసేన విమానాలు ఐజ్వాల్ మీద దాడి చేశాయి. తర్వాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, ఇళ్లు తగలబెట్టి, జనాన్ని రోడ్ల పక్కన కాపలా శిబిరాల్లాంటి ఊళ్లకు తరలించారు. పోడు పోయింది, గిడ్డంగి పోయింది. ఇవాళ నది దాటి వచ్చేవాళ్లను చూసి పెద్దవయసు మిజోలు కదిలిపోవడానికి ఇదొక కారణం. ఆ రోజుల్లో ఎంతోమంది మిజోలు ఇదే తియావ్ దాటి అటువైపుకి పారిపోయారు, అక్కడ వాళ్లకు చోటు దొరికింది.

విదేశీ మిషనరీలు ఆ గొడవల్లోనే వెళ్లిపోవాల్సి వచ్చింది. అటు సైన్యంతో, ఇటు తిరుగుబాటుదారులతో మాట్లాడగలిగింది చర్చి పెద్దలే. 1986 జూన్ 30న శాంతి ఒప్పందం కుదిరింది. 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. ఆ ఒప్పందం ఇప్పటికీ నిలిచి ఉంది.

2011 లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 91.33 శాతం. 2025 మేలో పూర్తి అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించుకుంది. అయితే అదే 2011లో దక్షిణాన బంగ్లాదేశ్, మయన్మార్ రెండిటినీ ఆనుకున్న లాంగ్‌త్లై జిల్లాలో 65.88 శాతమే. బౌద్ధులైన చక్మాలు పెద్ద సంఖ్యలో ఉండే జిల్లా అది. మిషన్ బడి చేరని చోట ప్రభుత్వ బడి కూడా సరిగా చేరలేదన్నమాట. 1997లో జాతి ఘర్షణలకు భయపడి మిజోరంలోని వేలాది బ్రూ తెగ ప్రజలు త్రిపురకు పారిపోయారు. 2020 జనవరిలో వాళ్లను అక్కడే స్థిరపరిచే ఒప్పందం కుదిరేదాకా, రెండు దశాబ్దాలకు పైగా శిబిరాల్లోనే ఉన్నారు. నది అవతలివాళ్లకు తెరిచిన తలుపు సొంత రాష్ట్రంలోని పొరుగువాళ్లకు మూసుకుపోయింది. మిజో సమాజం మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

2022 నవంబర్‌లో బంగ్లాదేశ్ చిట్టగాంగ్ కొండల నుంచి బోమ్ ప్రజలు వచ్చారు. 2023 మేలో మణిపూర్ హింస నుంచి తప్పించుకుని పన్నెండు వేల మందికి పైగా కుకీ-జో ప్రజలు వచ్చారు. 2024 ఫిబ్రవరిలో, సరిహద్దుకు 16 కిలోమీటర్ల లోపు వాళ్లు వీసా లేకుండా తిరిగే ఏర్పాటును రద్దు చేస్తున్నట్టు, కంచె వేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. మిజోరం ప్రభుత్వం, చర్చీలు, సంఘాలు ఒక్కమాటగా వ్యతిరేకించాయి. మయన్మార్‌తో మిజోరం సరిహద్దు 510 కిలోమీటర్లు. కొన్ని కుటుంబాల పొలాలు అటు, ఇళ్లు ఇటు.

2025 జూలైలో చిన్ రాష్ట్రంలో సాయుధ సంస్థల మధ్యే కాల్పులు జరిగి, వేలమంది ఒక్కసారిగా సరిహద్దు ఊరు జోఖాతార్‌కు వచ్చిపడ్డారు. వానాకాలం, నది నిండుగా ఉన్న రోజులు. అంతకుముందు వచ్చినవాళ్లకే సాయం చాలక అల్లాడుతున్న ఊరది. ఈసారీ మొదట ముందుకొచ్చింది ఊరివాళ్లూ సంఘం కుర్రాళ్లే. హాళ్లు తెరిచారు, చాలనివాళ్లను ఇళ్లలోకి తీసుకెళ్లారు, బియ్యం కోసం చుట్టుపక్కల ఊళ్లకు కబురు పంపారు.