చౌక ధరల దుకాణంలో దివ్యాంగులకు కొలువు ఎందుకు లేదు?

హైదరాబాద్‌లో రేషన్ డీలర్ల ఖాళీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా దివ్యాంగుల వాటా గురించి చర్చ మొదలై, డీలరుషిప్ ఎవరి పేరున వచ్చిందన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ దుకాణంలో కాటా దగ్గరో, వేలిముద్ర తీసుకుని సరుకు లెక్క నమోదు చేసే ఈ-పోస్ యంత్రం ముందో కూర్చుని నెల జీతం తీసుకునే దివ్యాంగుడు ఎందుకు కనిపించడన్నది ఎవరూ అడగరు. అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

ఈ నగరానికి శిక్షణ కొత్త కాదు. దివ్యాంగుల వృత్తి పునరావాస కేంద్రాలను కేంద్ర ప్రభుత్వం 1968లో మొదట ముంబయిలోనూ హైదరాబాద్‌లోనూ నెలకొల్పింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన 1981లోనే ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది. అయితే ఆ రోజుల్లో ఉపాధి అంటే ఎక్కువగా స్వయం ఉపాధే. కేటాయింపులో ప్రాధాన్యం ఉండడంతో ఎస్టీడీ బూత్ ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. సెల్‌ఫోన్ ఇంటింటికీ చేరగానే ఆ ఆధారం పోయింది.

దివ్యాంగుల కోసం వచ్చిన చట్టాలూ ఈ లోటును తీర్చలేదు. 1995 చట్టం ప్రభుత్వ కొలువుల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2016 చట్టం దాన్ని 4 శాతానికి పెంచి, పేదరిక నిర్మూలన పథకాల్లోనూ, వ్యాపారాల కోసం రాయితీపై ఇచ్చే స్థలాల్లోనూ 5 శాతం కేటాయించమంది. కానీ రేషన్ డీలరు ప్రభుత్వ ఉద్యోగి కాడు, అనుమతి పొందిన వ్యాపారి మాత్రమే. అందువల్ల సరుకు ప్రభుత్వానిదే అయినా, దుకాణంలో పనిచేసే సహాయకుడికి ఆ 4 శాతం వర్తించదు.

పైగా ఆదాయం కమీషన్ మీదే ఆధారపడింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని టన్నుకు 900 రూపాయల నుంచి 1,400కు పెంచింది. ఆ లెక్కన నెలకు వంద క్వింటాళ్లు పంచే దుకాణానికి వచ్చేది 14,000 రూపాయలు. అద్దె, కరెంటు, హమాలీ కూలి పోగా మరొకరికి జీతం ఇవ్వడానికి మిగిలేది చాలా స్వల్పం. డీలరే దివ్యాంగుడైతే, 50 కిలోల బస్తా దింపడానికీ, చూపు లేకపోతే యంత్రం తెర చదవడానికీ తోడు మనిషి కావాలి. ఆ ఖర్చును కమీషన్ లెక్కలోకి తీసుకోలేదు. లైసెన్సు దివ్యాంగుడి పేరున ఉన్నా గల్లాపెట్టె మరొకరి చేతిలోకి జారిపోవడానికి ఇది పెద్ద కారణం, దానికి ఆ మనిషిని తప్పుపట్టడం అన్యాయం.

అమెరికాలోనూ తొలి అడుగు ఇలాంటిదే. 1936 చట్టం అంధులకు ఫెడరల్ భవనాల్లో అమ్మకపు స్టాళ్లు నడుపుకొనే అవకాశం ఇచ్చింది. 1938 చట్టం అంధులు తయారుచేసిన వస్తువులను ప్రభుత్వం కొనేలా చేసింది, 1971లో అది ఇతర తీవ్ర వైకల్యాలున్నవారికీ విస్తరించింది. తర్వాత ఆ వ్యవస్థ కిందే సైనిక స్థావరాల్లో కార్యాలయ సామగ్రి దుకాణాలు వెలిశాయి. వాటిని నడిపే లాభాపేక్ష లేని సంస్థలు తమ ప్రత్యక్ష శ్రమ గంటల్లో కనీసం 75 శాతం అంధులతో లేదా తీవ్ర వైకల్యం ఉన్నవారితో చేయించాలన్నది నియమం. అక్కడా లోపాలున్నాయి, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చే వెసులుబాటును ఈ కాంట్రాక్టుల నుంచి తొలగించడానికి 2022 దాకా పట్టింది. అయినా దుకాణం ఎవరికి ఇవ్వాలన్న దాంతోపాటు అందులో పని ఎవరు చేయాలన్నదీ నిబంధనల్లోకి రావడమే మనం గమనించవలసిన తేడా.

ఇక్కడ ఆ దిశగా ఒక ఆధారం దొరికింది. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, 2024 నవంబరులో, ప్రాప్యతా ప్రమాణాలు, అంటే భవనాలూ సేవలూ దివ్యాంగులకు అందుబాటులో ఉండేందుకు పెట్టిన ప్రమాణాలు, కేవలం సలహాలుగా ఉండరాదనీ, తప్పనిసరి నిబంధనలను మూడు నెలల్లో రూపొందించాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. రేషన్ దుకాణపు మెట్టు, కౌంటర్ ఎత్తు, మాట్లాడే తూకం, వినిపించే ఈ-పోస్ తెర ఆ నిబంధనల్లో చేరాలి. కమీషన్‌లో సహాయకుడి జీతానికి విడిగా ఒక పద్దు ఉండాలి. ఇవి జరగకుండా డీలరుషిప్పుల వాటా ఎంత పెంచినా కాటా దగ్గర కూర్చునే మనిషి మారడు.