కోరాపుట్ కొండల వయసు: ఒకే రాయికి ఇన్ని అంకెలెందుకు?

సాలూరు నుంచి కోరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు మీద, సుంకి చుట్టుపక్కల కొండను తొలిచిన చోట్ల ఎర్రబారిన రాయి బయటపడి ఉంటుంది. పగలగొట్టి చూస్తే ముదురెరుపు గార్నెట్ గింజలు, తెల్లని సూదుల్లాంటి సిల్లిమనైట్, వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ పొలుసులు కనిపిస్తాయి. అది ఖొండలైట్. ఒకనాటి బంకమట్టి పొరలే భూమి లోపలికి దిగి, వేడికీ పీడనానికీ రూపం మార్చుకుని ఇలా అయ్యాయి.

1902లో టి.ఎల్. వాకర్ కలహండి సంస్థానపు భూవిజ్ఞానాన్ని వివరిస్తూ, అక్కడి ఖోండుల పేరు మీదుగా ఈ రాయికి ఆ పేరు పెట్టాడు. అప్పటికి ఏ రాయి ముందుది, ఏది తర్వాతిది అన్నంత వరకే చెప్పగలిగేవారు. 1907లో బెర్‌ట్రమ్ బోల్ట్‌వుడ్, 1911లో ఆర్థర్ హోమ్స్ యురేనియం, అది కాలక్రమంలో మారి ఏర్పడే సీసం, ఈ రెంటి నిష్పత్తిని బట్టి రాళ్ల వయసు లెక్కగట్టాక అసలు అంకెలు మొదలయ్యాయి. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు కాబట్టి, ఎంత పాత రాయికైనా ఆ లెక్క సరిపోతుంది.

చిక్కు లెక్కలో లేదు, ఖనిజాల్లో ఉంది. జిర్కాన్ అనే యురేనియం ఉండే ఖనిజం 900 డిగ్రీల వేడిలో కూడా తనలోని సీసాన్ని చాలావరకు పట్టి ఉంచుతుంది. బయోటైట్ అనే నల్ల అభ్రకం మాత్రం సుమారు 300 డిగ్రీలకు చల్లబడితే తప్ప తనలోని పొటాషియం నుంచి పుట్టే ఆర్గాన్ వాయువును నిలుపుకోదు. అందువల్ల ఒకే రాయిలో మొదటిది వేడెక్కిన కాలాన్ని, రెండోది చల్లారిన కాలాన్ని చెబుతాయి. ఆ రెంటి మధ్య తేడాయే రాయి పైకి వచ్చిన తీరును పట్టి ఇస్తుంది కాబట్టి, పత్రికలు తరచుగా చేసేట్టు వాటిలో ఒక్క అంకెను ఎంచుకుని ‘కొండ వయసు’ అనడం సరికాదు.

ఆల్ప్స్ పర్వతాల్లో 1984లో క్రిస్టియన్ షోపాఁ కోయెసైట్ అనే ఖనిజాన్ని గుర్తించడంతో, లోతు నుంచి రాయి పైకి ఎలా వస్తుందన్న ప్రశ్న మరింత పదునెక్కింది. క్వార్ట్జ్ కోయెసైట్‌గా మారాలంటే దాదాపు 90 కిలోమీటర్ల లోతులో ఉండే పీడనం కావాలి. అంత లోతుకు వెళ్లిన భూపటలం తిరిగి పైకి వస్తుందని అంతకుముందు నమ్మినవారు తక్కువ. మన లదాఖ్‌లోని సో మొరారీ దగ్గర కూడా కోయెసైట్ దొరికింది. అక్కడి శిలలు సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియా కిందికి దిగి, కోటి ఏళ్లలోపే భూపటలపు నడిమి లోతులకు ఎగదన్నుకొచ్చాయి. చుట్టూ ఉన్న బరువైన రాతి కంటే అవి తేలిక కావడం అందుకొక ముఖ్య కారణం.

తూర్పు కనుమల కథ వేరు. సుంకి నుంచి పాడేరు, అనకాపల్లి దాకా ఉన్న పట్టీలో, క్వార్ట్జ్‌ను ఆనుకుని సఫిరిన్ అనే నీలి ఖనిజం ఉన్న రాళ్లు 900 డిగ్రీలు దాటిన వేడికి సాక్ష్యం. అప్పుడవి ఉన్న లోతు మాత్రం 25, 30 కిలోమీటర్లే. జిర్కాన్, అలాగే వయసు చెప్పే మరో ఖనిజం మోనజైట్‌ల లెక్క ప్రకారం ఆ వేడి సుమారు 110 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల మధ్యది. అప్పుడు ఈ నేల తూర్పు అంటార్కిటికాతో కలిసి ఉండేది. విశేషమేమంటే ఈ శిలల్లో చాలావరకు వెంటనే పైకి రాలేదు, ఉన్న లోతులోనే నిదానంగా చల్లారాయి. సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట ఈ పట్టీ పడమటనున్న బస్తర్ రాతినేల మీదికి నెట్టుకుపోయింది. అంటార్కిటికా విడిపోయాక తూర్పున తీరం ఏర్పడి, పైనున్న రాతిని నదులు కోసుకుపోయాయి.

కొండల నెత్తిన బాక్సైట్ చేరింది ఆ తర్వాతే. దమన్‌జోడి దగ్గర ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో తవ్వుతున్న పంచపట్‌మాలి బాక్సైట్, గాలికీ వానకీ బయటపడిన ఖొండలైట్ కుళ్లి, సిలికా కొట్టుకుపోగా మిగిలిన అల్యూమినియం మట్టి. ఇక ఆ కోతలో కొట్టుకుపోయిన గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ గింజలు గంజాం జిల్లా ఛత్రపురం తీరపు ఇసుకలో పేరుకున్నాయి. అక్కడ వాటిని వేరుచేసే కర్మాగారం కూడా ఉంది.