వైజాగ్‌లో పెద్దోళ్ళ చదువు ఎక్కడ ఆగిపోయింది?

పని నేర్పే ఫ్రీ ట్రైనింగ్ అంటారు, తీరా వెళ్తే ఎయిత్ పాసా టెన్త్ పాసా అని అడుగుతారు. జాలారిపేట, మల్కాపురం, ఆరిలోవ వైపు నలభై దాటిన ఆడవాళ్ళకి ఇదే పెద్ద అడ్డం. ఇదేం ఇవాళ్టి గొడవ కాదు.

1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, తర్వాత స్టీల్‌ప్లాంటు, ఇలా పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం వచ్చి కొండవాలుల్లో గుడిసెలు వేసుకున్నారు, మట్టి తవ్వడానికీ మూటలు మోయడానికీ చదువు ఎవడడిగాడు గనక. 1978 అక్టోబరు 2న దేశమంతా వయోజన విద్య మొదలైంది, పదేళ్ళకి అక్షరాస్యత మిషన్ వచ్చింది. అదే 1988లో బ్రిటన్ డబ్బుతో వైజాగ్ మురికివాడల ప్రాజెక్టు కూడా మొదలైంది, అందులో రోడ్లు, కాలవలే కాదు కమ్యూనిటీ హాళ్ళు, పెద్దోళ్ళ చదువు, చేతిపనుల ట్రైనింగ్ కూడా ఉన్నాయి. నా లెక్కలో అక్షరం, పని ఒకే గుమ్మంలోకి వచ్చిన రోజులంటే అవే. చదువుకి ఎంత బలముందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చూపించారు కూడా, 1992లో సారా మీద తిరుగుబాటు ఆ అక్షరాస్యత క్లాసుల్లోంచే లేచింది.

తర్వాతే దారులు విడిపోయాయి. 1997లో పట్నం పేదలకి స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన, 2007లో మెప్మా (పట్నాల్లో పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ), అంతా పొదుపు సంఘాలు, లోన్లు, ట్రైనింగ్‌లు. 2009లో సాక్షర భారత్ వచ్చింది, ఆడవాళ్ళ చదువుకి మంచి స్కీమే, కాకపోతే పల్లెలకి మాత్రమే! అంటే ఊళ్ళో ఉంటే అక్షరాలు నేర్పుతారు, అదే మనిషి వలసొచ్చి కంచరపాలెంలో ఉంటే స్కిల్ నేర్చుకో అంటారు, చదవడం ముందే వచ్చేసినట్టు. సంఘంలో తీర్మానం పుస్తకం ఆర్పీ (సంఘాల పని చూసే రిసోర్స్ పర్సన్) రాస్తుంది, చాలామంది కింద సంతకం గీస్తారు, వడ్డీ ఎంత రాశారో చదవమంటే పక్కామె మొహం చూస్తారు. ఆ సంతకాన్ని చూసే చదువొచ్చినట్టు లెక్కేసుకున్నాం.

సాక్షర భారత్ 2018లో ఆగిపోయింది. 2022లో వచ్చిన కొత్త ప్రోగ్రాం, ఇప్పుడు ఉల్లాస్ అంటున్నారు కదా, అందులో పదిహేనేళ్ళు దాటినవాళ్ళందరూ ఉన్నారు, పట్నాలూ ఉన్నాయి, డబ్బు లెక్కలు, ఫోను వాడకం, చేతిపనులు కూడా కలిపారు. అయితే పాఠం చెప్పేది జీతం లేని వాలంటీర్లు, పొద్దున్నే హార్బర్‌కెళ్ళి సాయంత్రం దాకా చేపలమ్మే మనిషికి ఏ టైముకి క్లాసు పెడతారన్నది వాళ్ళ ఓపిక మీదే ఉంది.