ఆగ్రా కోట: అపోహలు - వాస్తవాలు

తెలుగు యాత్రికులకు ఆగ్రాలో గైడుగా దారి చూపించే నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న, "షాజహాన్‌ను పెట్టిన జైలు తప్ప కోటలో ఇంకేముందండీ?" అన్నది. తాజ్‌మహల్‌కు ఒక పూటంతా ఇచ్చి, కోటను అరగంటలో ముగించే ప్యాకేజీలకు మూలం ఈ అభిప్రాయమే.

నిజానికి అది జైలు కాదు. 1658లో ఔరంగజేబు కోటకు యమున నీరు అందకుండా చేయడంతో లొంగిపోయిన షాజహాన్, 1666 జనవరిలో కన్నుమూసేవరకు కూతురు జహానారా తోడుగా సొంత అంతఃపురంలోనే నిర్బంధంలో ఉన్నాడు. ఆయన చివరి రోజులతో ముడిపడిన ముసమ్మన్ బుర్జు, స్తంభాలపై రంగురాళ్లతో పూలతీగలు పొదిగిన పాలరాతి మంటపం.

కోటను కట్టించింది కూడా షాజహాన్ కాదు. బాదల్‌గఢ్ అనే పాత ఇటుక కోట ఉన్నచోట 1565లో పని మొదలుపెట్టించిన అక్బరుదే సుమారు రెండున్నర కిలోమీటర్ల ఈ ప్రాకారం. షాజహాన్ లోపలి కట్టడాలు కొన్నింటిని తొలగించి పాలరాతివి కట్టించాడు కనుక, ఎర్రరాయి తాతది, తెల్లరాయి మనవడిది అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

శుక్రవారం సెలవు తాజ్‌మహల్‌కే గాని కోటకు కాదు. ప్రవేశం మాత్రం దక్షిణాన ఉన్న అమర్‌సింగ్ ద్వారం గుండానే; ఢిల్లీ ద్వారం వైపు భాగం సైన్యం అధీనంలో ఉంది.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ, కోటలో భద్రపరిచిన పెద్ద చెక్క తలుపుల గురించినది. గజనీ మహమ్మదు సోమనాథ్ నుండి ఎత్తుకుపోయిన చందనపు తలుపులు ఇవేనని ప్రకటించి, 1842లో గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో వాటిని మహమ్మదు సమాధి నుండి ఊడదీయించి తెప్పించాడు. పరిశీలిస్తే అవి గజనీ ప్రాంతంలో దొరికే దేవదారు చెక్కతో చేసినవని తేలింది. సోమనాథ్ చేరకుండానే ఆగ్రాలో ఆగిపోయాయి. ఈ తలుపులకు చేతులు జోడించేవారిని నేను వారించను. నమస్కారం అయ్యాక, పలకల మీద షడ్భుజాలుగా అల్లుకున్న రేఖలనూ, పైభాగాన చెక్కిన అరబ్బీ అక్షరాలనూ చూపించి, ఇటువంటి పనితనం మన గుడి తలుపుల మీద ఎక్కడైనా చూశారా అని అడుగుతాను.