మాత్రకూ మనిషికీ మధ్య దూరం

హెచ్‌ఐవీకి మందు లేదనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదన్నది నిజమే. కానీ వైరస్‌ను అణిచిపెట్టి ఉంచే మందులున్నాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తోంది. సకాలంలో మొదలుపెట్టి రోజూ వేసుకుంటే అందరిలాగే పనీపాటా చేసుకుంటూ చాలాకాలం బతకవచ్చు. మందు ఉచితం, అది పనిచేస్తుంది కూడా. అయినా కొందరు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు?

ఈ ప్రశ్నను ఓపిగ్గా పట్టుకుని జవాబు వెతికినవాళ్లలో నర్సులు ముందుంటారు. నర్సు అంటే సూది వేసే మనిషి, డాక్టరు చెప్పింది చేసే మనిషి అనుకునే మనకు నర్సులు పరిశోధన చేస్తారన్న సంగతే కొత్త. ఈ రంగంలో వాళ్లు చేసిన మంచి పరిశోధన ఒకటి మన నెల్లూరు జిల్లా పల్లెల్లో జరిగింది. దాని గురించి తెలుగులో పెద్దగా ఎవరూ చెప్పుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందుగా, నాలుగు రోజులు మాత్ర మానేస్తే అంత ప్రమాదం ఎందుకో చూద్దాం. హెచ్‌ఐవీ మన రక్తంలో రోగాలతో పోరాడే సీడీ4 కణాల్లోకి దూరి, తన జన్యువులకు నకలు తీసి మన డీఎన్‌ఏలో కలిపేస్తుంది. ఆ నకలు తీసే ఎంజైముకు తప్పులు దిద్దుకునే గుణం లేదు. అందుకే ఒకే మనిషి ఒంట్లో కొద్దికొద్ది తేడాలతో లెక్కలేనన్ని వైరస్‌లు తయారవుతాయి. రక్తంలో మందు తగినంత ఉన్నంతకాలం అవి పెరగలేవు. మాత్రలు మానేస్తే ఆ మోతాదు మెల్లగా పడిపోతుంది. వైరస్ పెరగడానికి వీలు దొరుకుతుంది. మిగిలిన కాస్త మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి బతికి బలపడతాయి. కొన్నేళ్ల కిందటి వరకు మనవాళ్లకు ఇచ్చిన నెవిరపిన్, ఎఫావిరెంజ్ లాంటి మందులకు లొంగకుండా పోవడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు. ఇప్పుడిస్తున్న డొలుటెగ్రావిర్ ఈ విషయంలో చాలా గట్టి మందు. కానీ డబ్బాలోనే ఉండిపోయిన మాత్ర ఎంత గట్టిదైనా చేసేదేమీ లేదు.

నెల్లూరు పరిశోధనను నడిపిన అడెలిన్ న్యామతి అమెరికాలో నర్సింగ్ ప్రొఫెసర్. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, స్కిడ్ రో అనే ప్రాంతంలో ఇల్లూవాకిలీ లేక ఫుట్‌పాత్‌ల మీద, షెల్టర్లలో బతికేవాళ్ల ఆరోగ్యం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఒంట్లో టీబీ క్రిమి దాగి ఉండి జబ్బు ఇంకా బయటపడని 520 మందితో ఆమె బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. వాళ్లందరికీ ఒకటే మందు, ఆరు నెలల కోర్సు. ఒక గుంపు బాగోగులను మాత్రం నర్సులు దగ్గరుండి చూసుకున్నారు. జబ్బు గురించి విడమరిచి చెప్పారు, రాకపోతే వెతుక్కుంటూ వెళ్లారు, ఇతర అవసరాలకు ఎక్కడికెళ్లాలో దారి చూపించారు. ఆ గుంపులో సుమారు 62 శాతం మంది కోర్సు పూర్తిచేశారు. మామూలు పద్ధతిలో మందు తీసుకున్న రెండో గుంపులో పూర్తిచేసినవాళ్లు సుమారు 39 శాతం. మందు మారలేదు, మారింది మనిషి తోడు మాత్రమే.

ఈ అనుభవంతో న్యామతి బృందం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్ సంజీవ్ సిన్హా, భారత వైద్య పరిశోధన మండలికి చెందిన కల్యాణ్ గంగూలీ వంటివాళ్లు ఈ పనిలో కలిశారు. అప్పట్లో దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. 2021 అంచనాల ప్రకారం కూడా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3.2 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పల్లెల్లో ఈ వైరస్ సోకిన ఆడవాళ్లలో చాలామందికి అది భర్త నుంచి వచ్చిందే. ఆయన పోయాక పిల్లలు, అప్పులు, జబ్బు అన్నీ ఆమె మీదే పడతాయి. ఇన్ని మోసే మనిషిని చుట్టుపక్కలవాళ్లు తప్పుచేసినదానిలా చూస్తారు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

పరిశోధకులు లెక్కలతో మొదలుపెట్టలేదు. ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగారు, వాళ్లు చెప్పింది విన్నారు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడో టౌన్‌లో ఉంటుంది. వెళ్లాలంటే బస్ చార్జీ కావాలి, ఆ రోజు కూలి పోతుంది, పిల్లల్ని చూసేవాళ్లు ఉండాలి. అక్కడ క్యూలో తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న టెన్షన్ ఒకటి. ఇంట్లో సరైన తిండి లేకపోతే ఖాళీ కడుపున మందు పడదు, వికారం పుడుతుంది. “మీరు మందులు సరిగ్గా వాడటం లేదు” అని రోగిని కోప్పడేవాళ్లు ఈ జాబితాను ఒకసారి చదవాలి. ఇందులో నిర్లక్ష్యం ఎక్కడుంది?

వీటికి వాళ్లు ఎంచుకున్న పరిష్కారం ఊళ్లోనే ఉంది, ఆశా వర్కర్ రూపంలో. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ ఏర్పాటులో దాదాపు వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉంటుంది, ఆమె ఆ ఊరి ఆడమనిషే. గర్భిణుల కోసం, పసిపిల్లల టీకాల కోసం ఆమె ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతుంది కాబట్టి ఫలానా ఇంటికి ఎందుకొచ్చిందని ఎవరికీ అనుమానం రాదు. ఆ ఆశాలకు హెచ్‌ఐవీ గురించి శిక్షణ ఇచ్చారు. ఆమె ఇంటికి వచ్చి మందులు ఎలా వాడుతున్నారో కనుక్కునేది, అడ్డంకులేమిటో అడిగేది, అవసరమైతే ఆసుపత్రికి వెంట వెళ్లేది. ఆడవాళ్లంతా కలిసి కూర్చునే క్లాసులు జరిగాయి. జబ్బు గురించి, పిల్లల పెంపకం గురించి, తక్కువ ఖర్చుతో బలమైన వంట గురించి వాటిలో మాట్లాడుకునేవాళ్లు. నెలనెలా మినప్పప్పు, కందిపప్పు ఇచ్చేవాళ్లు.

మొదటి అధ్యయనంలో పాల్గొన్నది 68 మంది ఆడవాళ్లు. వాళ్లను రెండు గుంపులు చేసి, ఒకదానికే ఈ ఆశా తోడు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ మందుల వాడకం మెరుగైంది, కానీ ఆశా తోడు ఉన్న గుంపులో మెరుగు బాగా ఎక్కువ. దిగులు, కుంగుబాటు తగ్గాయి, సీడీ4 కణాలు పెరిగాయి. ఫలితం ఎంత బాగున్నా 68 మంది చాలా చిన్న లెక్క. పైగా అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి ఫలితం ఆశా మాటదా, క్లాసుదా, పప్పుదా అని విడదీసి చెప్పలేం.

అందుకే రెండో అధ్యయనం పెద్దగా, తెలివిగా చేశారు. 16 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) పరిధిలో 600 మంది ఆడవాళ్లను తీసుకుని నాలుగు గుంపులు చేశారు. ఆశా తోడు అందరికీ ఉంది. ఒక గుంపుకు అదొక్కటే, ఇంకో గుంపుకు దానితోపాటు పోషకాహారంపై శిక్షణ, మూడో గుంపుకు శిక్షణ బదులు ఆహారం, నాలుగో గుంపుకు రెండూ. 18 నెలల పాటు గమనించారు. శరీర బరువులో, సీడీ4 లెక్కలో రెండూ అందిన గుంపు మిగతావాటికంటే మెరుగ్గా ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి విలువైన ఫలితం ఇదే. పేదలకు ఏం తినాలో చెబితే చాలు అనేవాళ్లూ ఉంటారు, సరుకులు పడేస్తే చాలు అనేవాళ్లూ ఉంటారు. రెండు వాదాలూ సగం సగమే.

ఇదంతా జబ్బు వచ్చాక తీసుకునే జాగ్రత్త కదా, నివారణ ఎక్కడ అని అడగవచ్చు. మన చెన్నై, పుణెలతో సహా తొమ్మిది దేశాల్లో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనం దానికి 2011లోనే జవాబు చెప్పింది. దంపతుల్లో హెచ్‌ఐవీ ఉన్న మనిషికి త్వరగా మందు మొదలుపెడితే రెండోవారికి సోకడం 96 శాతం తగ్గింది. క్రమం తప్పకుండా మందు వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గిన స్థితిని నిలబెట్టుకున్నవాళ్ల నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదు. ఈ మాట ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా పెద్ద అక్షరాల్లో రాయాలని నా కోరిక. అది తెలియకనే ఎన్ని పెళ్లిళ్లు ఆగిపోతున్నాయో, ఎంతమంది సగం జీవితమే జీవిస్తున్నారో. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం నిషిద్ధమన్నదీ చాలామందికి తెలియదు. సందేహాలుంటే 1097కి ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.

ఇప్పుడు కొత్తగా లెనకపవిర్ అనే ఇంజెక్షన్ వచ్చింది. హెచ్‌ఐవీ లేనివాళ్లకు అది రాకుండా ఆరు నెలలకొకసారి ఇస్తారు. ఆఫ్రికాలో జరిగిన పరీక్షలో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. తక్కువ ధరకు దీన్ని తయారుచేయడానికి లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, మన హైదరాబాద్‌వే. పేద, మధ్యతరగతి దేశాలకు 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందిస్తామని 2025లో ప్రకటించారు.

ఇంత మంచి మందు గురించి కూడా ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి, రెండో డోసు తేదీ గుర్తుచేయాలి, భయపడి తలుపు వేసుకున్న మనిషితో తలుపు తీయించాలి. ఆ పని చేసే ఆశా గౌరవ వేతనాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. హెచ్‌ఐవీ బాధ్యత కూడా అప్పగించాలంటే ఆమె జీతం, శిక్షణ, పని గంటలు ఎలా ఉండాలి? ఒక్క ఆశా ఎన్ని ఇళ్లను నిజంగా చూసుకోగలదు? నెల్లూరు అధ్యయనాల తర్వాత కొలవాల్సిన లెక్కలు ఇవి. మన నర్సింగ్ కాలేజీల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు వీటిని అందుకుంటే అమెరికా నుంచి ఎవరో వచ్చేదాకా ఆగనక్కర్లేదు.